గంటల లెక్కన తవ్వే జేసీబీ, మూడు కట్టెల ఏ-ఫ్రేమ్: మా బీడు చేను మీద మూడేళ్ల రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫోన్ కొన్న మర్నాడు రాసే రివ్యూ కాదు. మా బీడు చేనును బాగుచేసిస్తామన్న ఒక సంస్థకు 2022 జూన్‌లో అడ్వాన్స్ కట్టాను, 2025 దీపావళి దాటాక రాస్తున్నాను. మొదటి ఏడాదే రాసుంటే ఒక్క స్టార్ ఇచ్చి తిట్టేవాణ్ణి. రెండో ఏడాది రాసుంటే నెపం కరువు మీద వేసేవాణ్ణి. ఇప్పుడైతే కాస్త నిదానంగా లెక్క చెప్పగలను.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. చిల్లర లెక్క తేలకపోతే నిద్ర పట్టని జాతి మాది. మా ఊరు అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం నుంచి కుందుర్పి పోయే దారిలో ఉంది. మా నాయన వదిలి వెళ్లిన నాలుగెకరాల మెట్ట చేను గుట్ట వాలులో ఉంటుంది. పేరుకు ఎర్రనేల. పైన మట్టి బెత్తెడు కూడా లేదు, కింద అంతా గరుసు. గడ్డపార దించితే నాలుగు వేళ్ల లోతు దిగి ఠంగుమనేది. పదకొండేళ్లు బీడు పడింది. సర్కారు కంప తప్ప ఇంకేదీ అక్కడ మొలవడానికి ఇష్టపడలేదు.

దాన్ని ఆ గతికి తెచ్చింది దేవుడు కాదు, మేమే. మా నాయన చిన్నప్పుడు కొర్ర, సజ్జ, కంది, ఆముదం, అలసంద అన్నీ కలిపి వేసేవాళ్లట. తర్వాత శెనక్కాయకు రేటొచ్చింది. ఇక ఊరంతా అదే, జిల్లా అంతా అదే. శెనక్కాయను కోయం కదా, వేళ్లతో సహా పీకుతాం. కాయ ఇంటికి, కట్టె పశువులకు. చేలో ఆకూ మిగలదు, వేరూ మిగలదు. మళ్లీ ఏడు విత్తేదాకా నేల బోడిగా ఎండుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అందులో పెద్ద వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. వాన లేదని ఏడుస్తాం, వచ్చిన ఆ నాలుగు వానలే మట్టిని ఊడ్చుకుపోతాయి. ఇస్రో వేసిన అట్లాస్ ప్రకారం 2018–19 నాటికి దేశంలో 9.785 కోట్ల హెక్టార్ల నేల చెడిపోయింది. దేశ విస్తీర్ణంలో 29.77 శాతం. దానికి అన్నిటికంటే పెద్ద కారణం ఎండ కాదు, నీటి కోత. ఈ సంగతి నాకు అప్పట్లో తెలిసుంటే జేసీబీ వాడితో ఇంకోలా మాట్లాడేవాణ్ణి.

ఎడారి అంటే రాజస్థాన్ అనుకునేవాళ్ల కోసం ఒక మాట. నేను రాయదుర్గం వైపు డ్యూటీ చేసిన రోజుల్లో బొమ్మనహాళ్ మండలం మీదుగా పోయేవాళ్లం. దర్గా హొన్నూరు దగ్గర హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు మన కళ్లతో చూడొచ్చు. ఏటి ఇసుకను గాలి లేపి చేల మీద పోస్తుంది. ఒకసారి బస్సులో ఎవరో పట్నం కుర్రాడు కిటికీలోంచి చూసి, "సినిమా షూటింగులకు బాగుంటుంది" అన్నాడు. పక్క సీట్లో ముసలాయన టికెట్టు మడత పెట్టుకుంటూ, "మా చేను ఆ దిబ్బ కిందే ఉంది నాయనా" అన్నాడు. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. రిటైరైన డబ్బులో కొంత చేను మీద పెడతానన్నప్పుడు మా ఆవిడకు ఇదే చెప్పాను. ఆమె, "ఆ ముసలాయనకు పెన్షన్ డబ్బుల్లేవు కాబట్టి బతికిపోయాడు" అంది.

ఇక సర్వీసు సంగతి. 2022 జూన్‌లో ఒక పాంప్లెట్ చేతికొచ్చింది. జూన్ 17 ఎడారీకరణను, కరువును ఎదుర్కొనే ప్రపంచ దినం, ఆ సందర్భంగా ఆఫర్. 1994లో అదే తేదీన ఐక్యరాజ్య సమితి ఒప్పందం కుదిరిందనీ, 2030 నాటికి మన దేశం 2.6 కోట్ల హెక్టార్ల నేలను బాగుచేస్తానని మాటిచ్చిందనీ అందులో రాశారు. రెండూ నిజాలే. కింద ఎర్ర అక్షరాల్లో ఎకరాకు 12,000. కందకాలు, నీటి కుంట, 120 మొక్కలు, 30 రకాల విత్తనాల కిట్, అన్నీ కలిపి. సంస్థ పేరు ఇక్కడ రాయను. వాళ్లతో నా గొడవ సగం తేలింది, మిగతా సగాన్ని ఇక్కడికి లాగను.

నాలుగెకరాలకు 48,000. అడ్వాన్స్ 30,000 కట్టాను. జూలై మొదట్లో జేసీబీ వచ్చింది. సూపర్‌వైజర్ కుర్రాడు మంచివాడే, మాట మెత్తన. "సార్, టెన్షన్ పడకండి, రెండు రోజుల్లో అయిపోతుంది" అన్నాడు. నిజంగానే రెండు రోజుల్లో అయిపోయింది. చేనులో మూడు కందకాలు, హద్దు రాళ్ల వెంబడి దారం లాగినట్టు తిన్నగా, ఒక్కొక్కటి 200 అడుగులు. తవ్విన మట్టి పైవైపు పోశారు. అడుగున ఓ మూల 10 మీటర్లకు 10 మీటర్ల కుంట. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందంటే ఫొటోలు తీసి మా అల్లుడికి పంపాను.

ఇక్కడ పనితనానికి ఇచ్చే మార్కులు వేరు, తెలివికి ఇచ్చే మార్కులు వేరు. డ్రైవరు నేర్పరి. గోడకు సున్నం కొట్టినంత నున్నగా తవ్వాడు. ఒక్క కంది మొక్క పాడుచేయకుండా పక్క చేలోంచి బండి తిప్పుకున్నాడు. అతనికి నేను ఐదుకు ఐదూ ఇస్తాను. కానీ ఎక్కడ తవ్వాలో చెప్పాల్సింది అతను కాదు.

2022 అక్టోబరు అనంతపురం వాళ్లెవరూ మర్చిపోరు. టౌన్‌లో కాలనీలు మునిగాయి, జనాన్ని పడవల్లో తెచ్చారు. మా వైపు ఒక్క రాత్రిలో 84 మిల్లీమీటర్లు పడింది. నేను పెరట్లో ప్లాస్టిక్ వానమాపకం పెట్టుకున్నాను, 300 రూపాయలు, ఆన్‌లైన్‌లో కొన్నది. దానికి కూడా ఐదు స్టార్లు, పోతూపోతూ ఇచ్చేస్తున్నా. తెల్లారి చేనికి పోయేసరికి నా మూడు కందకాలు మూడు కాలువలైపోయాయి. నేల వాలింది గుట్ట నుంచి వంక వైపు ఏటవాలుగా. హద్దు రాళ్లు ఆ వాలును చూసి పాతినవి కావు, తాతలు పాళ్లు పంచుకున్నప్పుడు పాతినవి. వాటి వెంబడి తవ్విన కందకం ఒక కొసన ఎత్తు, ఇంకో కొసన పల్లం. నీళ్లు నిలవలేదు, కందకంలో పరుగెత్తాయి. పైవైపు పోసిన మట్టి తిరిగి కందకంలోకే జారింది. మూడూ కలిసిన చోట గండి పడింది. నడుము లోతు. కింద చేను మా పెద్దనాయన కొడుకుది. గట్టు మీద నిలబడి, "ఏమన్నా, మీ మన్ను మా స్టాపులో దిగేసింది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

లెక్క వేశాను. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నాలుగెకరాల మీద 84 మిల్లీమీటర్లంటే 13 లక్షల 60 వేల లీటర్లు. ఊళ్లోకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 272. ఆ రాత్రి నా చేలో 272 ట్యాంకర్లు బోర్లించారు, నేను వాటికి సిమెంటు రోడ్డంత నున్నటి దారి వేసిచ్చాను. అదీ డబ్బులిచ్చి.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే, "సార్, ఇది అసాధారణ వర్షం" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. నెల తర్వాత వాళ్ల ఆఫీసుకే పోయి కూర్చున్నాను. ఫైనల్ బిల్లు 18,000లో 10,000 తీసుకుని సరిపెట్టుకున్నారు. మళ్లీ తవ్వడానికి రాలేదు.

అసలు సర్వీసు ఇక్కడ మొదలవుతుంది, దానికి పాంప్లెట్ లేదు.

పక్క ఊళ్లో ఉపాధి హామీ పనికి మేట్‌గా, అంటే కూలీల గుంపును నడిపించే మనిషిగా, చేసిన ఆమె ఉంది. వయసులో నాకంటే చాలా చిన్నదే, కానీ ఊరంతా మేటక్క అంటుంది, నేనూ అంతే. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే మా జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ పథకాన్ని తిట్టేవాళ్లు గుంతలు తవ్వి పూడ్చే పని అంటారు. నేనూ బస్సులో కూర్చుని ఆ మాట అన్నవాణ్ణే. మేటక్క మా చేనికొచ్చి గండి చూసి ఒకే ప్రశ్న అడిగింది: "కండక్టరన్నా, మట్టం ఎవరు చూసినారు?"

ఎవరూ చూడలేదు.

ఆమె తెచ్చిన సామాను చూసి నాకు నమ్మకం పోయింది. ఒకే పొడవున్న రెండు కట్టెలు, పైన కలిపి కట్టినవి. మధ్యలో అడ్డంగా ఇంకో కట్టె. పైనుంచి దారానికి వేలాడే రాయి. దీన్నే ఏ-ఫ్రేమ్ అంటారు. రెండు కాళ్లూ నేల మీద పెడితే దారం అడ్డకట్టెను ఎక్కడో ఒక చోట తాకుతుంది, అక్కడ గుర్తు పెడతారు. కాళ్లు అటూ ఇటూ మార్చి అదే చోట పెడితే ఇంకో గుర్తొస్తుంది. ఆ రెండిటికీ నట్టనడుమ మట్టం. దారం ఆ నడిమి గుర్తు మీద ఆగిందంటే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అక్కణ్ణుంచి ఒక కాలు నేలకు ఆన్చి రెండోది తిప్పుతూ, మట్టం కుదిరిన చోటల్లా ముగ్గుపిండి చల్లుకుంటూ పోవడమే. మేస్త్రీల దగ్గరుండే నీళ్ల పైపు మట్టంతోనూ చేయొచ్చు. ఆమె మాత్రం, "పైపుకు ఇద్దరు మనుషులు గావల్ల, దీనికి నేనొక్కదాన్నే చాలు" అంది.

నలుగురు కూలీలు, ఆమె, రెండు రోజులు. ఒక్కొక్కరికి రోజుకు 350, మొత్తం 3,500. సాయంత్రానికి గుట్ట మీద నిలబడి చూస్తే మా చేనికి ఎవరో సంక్రాంతి ముగ్గు వేసినట్టుంది. ఒక్క గీత కూడా తిన్నగా లేదు. పాము పోయినట్టు వంకర్లు తిరుగుతూ పోయాయి. ఏ వంకర చూసినా అది నేలదే, మాది కాదు. హద్దు రాళ్లను అవి లెక్కే చేయలేదు. అప్పుడు నాకు కొంచెం సిగ్గనిపించింది. 55 ఏళ్లు ఆ చేనిలో తిరిగి దాని వాలు ఎటో నాకు తెలియదు.

ఆ గీతల మీద వేరే జేసీబీ మాట్లాడుకున్నాను. గంటకు 1,200, ఆరు గంటలు, 7,200. ఈసారి పొడుగు కాలువలు కాదు, ముక్కలు ముక్కలుగా: పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. వరసకు వరస తప్పించి, పై వరస సందులోకి కింది వరస గుంత వచ్చేలా. మట్టిని మేటక్క కిందివైపు పోయించింది. మొత్తం 64 గుంతలు. ఒక్కోటి నిండితే 1,270 లీటర్లు, అన్నీ కలిపి 81 వేలు. పదహారు ట్యాంకర్లు. 272 ఎక్కడ, 16 ఎక్కడ అని అడిగాను. "గుంతలో నిలిచేది కొంచెమే అన్నా, ఒకసారి ఆగినాంక ఇంకుతుంది, మళ్లీ నిండుతుంది. వాన పరుగు ఆపితే చాలు" అంది. గండి పడిన చోట రాళ్లు పేర్చి చిన్న రాతికట్ట వేయించింది. రాళ్లకు ఖర్చు లేదు. మా చేలో పండే పంట అదొక్కటే కదా.

ఇక విత్తనాల కిట్. సంస్థ వాళ్లిచ్చిన సంచిని 2023 మే నెలలో విప్పాను. లేబుల్ మీద 30 రకాలు. మా ఆవిడ చాటలో పోసి వేరుచేస్తే 17 తేలాయి, సగానికి పైగా ఒట్టి జనుమే. అలసందలకు పురుగు పట్టింది. పక్కన పడేశాం. నిర్మొహమాటంగా సున్నా స్టార్లు.

మేటక్క వాళ్ల మహిళా సంఘం కలిపిన విత్తనాలు 3,200 పెట్టి కొన్నాం, ఎకరాకు 12 కిలోలు. కొర్ర, సజ్జ, జొన్న, కంది, ఉలవ, అలసంద, అనుము, పెసర, నువ్వు, ఆముదం, గోగు, జనుము, జీలుగ, ఆవాలు... మా ఆవిడ 24 దాకా లెక్కపెట్టి ఊరుకుంది. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో దీన్ని పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్) అంటారు, ఊళ్లో నవధాన్యాలు అంటారు. తొలకరి కంటే ముందే, ఎండిన నేలలోనే చల్లేయడం. విత్తనాలను ఆవు పేడ, మూత్రంతో చేసే బీజామృతంతో తడిపి, మెత్తటి బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం అనే పేడ ఎరువు పొడి పట్టించి గుళికలు చేస్తారు. చీమలు ఎత్తుకుపోకుండా, చిన్న జల్లుకే తొందరపడి మొలిచి మాడిపోకుండా. 2016లో మొదలైన ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దాన్ని నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తోనూ, కైరో దగ్గర ఎడారిలో సేద్యం చేసే సెకెమ్ అనే సంస్థతోనూ పంచుకున్నారు. ఆ వార్త చదివి మేటక్కకు చెబితే, "డబ్బులెంత?" అని అడిగింది. "పది లక్షల యూరోలు, ముగ్గురికీ కలిపి" అన్నాను. "ముగ్గురికా" అని పెదవి విరిచింది.

2023 మాకు కరువు. ఆ ఆగస్టు 1901 నుంచి దేశం చూసిన ఆగస్టుల్లో అన్నిటికంటే పొడి. మా చుట్టుపక్కల శెనక్కాయ విత్తినవాళ్లకు పెట్టుబడి కూడా రాలేదు. మా చేలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే ఈ నవధాన్యాల మీద వీడియోల్లో చెప్పే మాటలు కొన్ని మరీ తీపిగా ఉంటాయి. జూన్‌లో రెండు జల్లులకు మొలిచింది. మోకాలెత్తు పచ్చదనం అని వీడియోల్లో చూపిస్తారు, మాకు చీలమండ దాటలేదు. పెసర పోయింది. ఆవాలు కనపడలేదు. ఉలవ, అలసంద, ఆముదం, అక్కడక్కడా సజ్జ నిలిచాయి. చేతికొచ్చిన గింజ లేదు. డబ్బుల్లో చూస్తే గుండు సున్నా.

కానీ పన్నెండేళ్లలో మొదటిసారి ఆగస్టులో మా చేను ఎర్రగా లేదు. మట్టి మీద చెయ్యి పెడితే కాలలేదు. ఉలవ తీగ కింద చిన్న చిన్న మట్టి ఉండలు, వానపాము తిని వదిలినవి. నేను ఫొటో తీసి అల్లుడికి పంపాను. "ఇదేంటి మామా, పేడా?" అని మెసేజ్ పెట్టాడు.

ఆ కట్టెను పీకనివ్వలేదు. అక్కడే వదిలేసి, పెంటికలు ఎరువవుతాయని జనవరిలో గొర్రెల మంద కట్టించాను. 200 గొర్రెలు, ఐదు రాత్రులు, గొర్రెకు రాత్రికి రెండు రూపాయలు, 2,000. కాపరులకు బియ్యం సంచి వేరే. రసాయన ఎరువు బస్తాతో పోల్చి చూసుకోండి. మంద సర్వీసుకు నాలుగున్నర స్టార్లు. అర ఎందుకు కోశానంటే, కాపరి కునుకు తీసిన పూట నాలుగు గొర్రెలు సీతాఫలం మొక్కల మీద పడ్డాయి.

మొక్కల సంగతి త్వరగా ముగిస్తాను. సంస్థ ఇచ్చిన 120లో మామిడి 30, సీతాఫలం 50, కానుగ 40. ఇప్పుడు బతికున్నవి మామిడి 2, సీతాఫలం 41, కానుగ 33. గరుసు వాలులో నీళ్ల వసతి లేకుండా మామిడి ఎవరిచ్చినా తీసుకోకండి. పాంప్లెట్ మీద బొమ్మ బాగుంటుందని ఇస్తారు. గట్ల మీద మేటక్క గుచ్చిన గిరిపుష్పం కొమ్మలు మాత్రం ఇప్పుడు నా తల దాటాయి. ఏడాదికి రెండుసార్లు నరికి ఆకు చేలో పరుస్తున్నాం.

నీటి కుంట మీద నా అభిప్రాయం మూడుసార్లు మారింది. నిండిన ఐదో రోజుకే అడుగు కనపడేది. గరుసు నేల కదా, జల్లెడలో పోసినట్టే. సంస్థ వాళ్లు నీళ్లు మూడు నెలలుంటాయన్నారు. మోసపోయాననుకుని ప్లాస్టిక్ షీట్ రేట్లు కనుక్కున్నాను. అప్పుడే మా పెద్దనాయన కొడుకు మాటల్లో దొరికిపోయాడు. 2024 ఫిబ్రవరిలో కూడా అతని బోరు ఆగకుండా పోస్తోందట, అంతకుముందు సంక్రాంతికే గాలి కక్కేది. నా టికెట్టు మీద అతను ప్రయాణం చేస్తున్నాడన్నమాట. రెండు రోజులు నిజంగానే కడుపు మండింది. తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. నా మొక్కలకు వేసవిలో వారానికి ఒకసారి అతని బోరు నీళ్లు, పైపు ఖర్చు నాది. షీట్ వేయలేదు. కుంటకు మూడు స్టార్లు, పెద్దనాయన కొడుకుతో మాటలు కలిపినందుకు ఇంకో అర.

మధ్యలో ఒకసారి మేటక్క, నేను, మరో ఆరుగురం కలిసి చెన్నేకొత్తపల్లి వైపు పోయి కల్పవల్లి చూసొచ్చాం. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు చుట్టుపక్కల ఊళ్లతో కలిసి 1990ల నుంచి కాపాడుతున్న గుట్టలు. వేల ఎకరాలు. నేను పెద్ద అడవి ఉంటుందనుకుని పోయాను. ముందు కనపడింది గడ్డి. నడుమెత్తు బోదగడ్డి, గాలికి ఊగుతూ, వంకల వెంబడి ఈత చెట్లు. పెద్దగా నాటిందేమీ లేదు, మంట పడకుండా, నరక్కుండా కాపలా కాశారు, మిగతాది నేలే చూసుకుంది అని అక్కడివాళ్లు చెప్పారు. ఏటా గడ్డి ఎండే కాలానికి మంట దాటకుండా బాటలు చెక్కుతారట. నాకు అక్కడ నచ్చింది ఆ కాపలా లెక్క. తవ్వడం ఒక్కసారి ఖర్చు, కాపలా రోజూ ఖర్చు. ఏ పాంప్లెట్‌లోనూ ఆ రెండో అంకె ఉండదు. తిరిగొచ్చాక సర్కారు కంప కొట్టించి చేను చుట్టూ కంచె వేయించాను. మేకలవాళ్లతో రెండు తగాదాలు, ఒక పంచాయితీ. అవి ఇక్కడ వద్దు.

2024లో ఒకటిన్నర ఎకరంలో కొర్ర, కంది కలిపి వేశాను. కొర్ర ఆరు సంచులు, కంది రెండున్నర. ఇరుగు పొరుగు నల్లరేగడి వాళ్లకు ఇది నవ్వులాట. మాకు ఇంట్లో ఏడాది తిండి. 2025లో ఒక ఎకరంలో శెనక్కాయ కూడా పెట్టాను. అవును, అదే శెనక్కాయ. మా ఆవిడ పట్టుబట్టింది, పల్లీల పొడి కొనుక్కు తినాల్సి రావడం ఆమెకు నామోషీ. కాకపోతే ప్రతి ఎనిమిది సాళ్లకు ఒక కంది సాలు వేశాం, కాయ పీకేశాక కూడా నేల మీద ఏదో ఒకటి నిలబడి ఉండాలని.

మొన్న దీపావళి మర్నాడు గడ్డపార తీసుకుపోయి పాత చోట్లలోనే దించి చూశాను. గుంతల దిగువన జానెడు పైన దిగింది. గుంతలు లేని పై మూలలో ఆరు వేళ్లు. గండి పడిన చోట రాతికట్ట వెనకాల ఒండ్రు మేట వేసింది, అక్కడైతే మోచెయ్యి లోతు. ఆ మేట మీద ఎవరూ వేయకుండానే వేప మొక్క లేచింది. జేసీబీ మొదటి రోజు తవ్విన మూడు కాలువల్లో ఒకటి ఇంకా పూడ్చలేదు, చూసినవాళ్లకు చూపించడానికి ఉంచాను.

ఖర్చు మొత్తం: సంస్థకు 40,000, రెండోసారి తవ్వకం, కూలీలు 10,700, విత్తనాలు 3,200, మంద 2,000. 55,900, బియ్యం, పైపు, కంప కొట్టించిన కూలీ కాక. మొదటే మేటక్కను పిలిచుంటే ఇందులో సగం కూడా అయ్యేది కాదు. చేయించుకోవాలనుకునేవాళ్లు ఒక్క పని చేయండి. డబ్బు కట్టే ముందు, మట్టం ఎవరు చూస్తారు, దేంతో చూస్తారు అని అడగండి. చెప్పలేకపోతే మర్యాదగా టీ తాగించి పంపేయండి.

స్టార్లు అడుగుతారు కాబట్టి: సంస్థ ప్యాకేజీకి ఒకటిన్నర, అందులో ఒకటి ఆ డ్రైవరు వాటా. రెండో జేసీబీకి నాలుగు. సంఘం విత్తనాలకు నాలుగు, ఆవాలు మొలవనందుకు ఒకటి కోత. ఏ-ఫ్రేమ్‌కు ఐదు. దాన్ని మేటక్క నా దగ్గరే వదిలేసింది, మా పశువుల కొట్టంలో ఉంది. మా వైపు ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకుపోవచ్చు. దారం మాత్రం కొత్తది తెచ్చుకోండి, పాతదాన్ని ఎలుక కొరికింది.